పెద్ద చక్రాలు, దించిన స్ప్రింగులు: ఇంటి కారుకు మేలెంత, కీడెంత?

కృష్ణగిరి నుండి కుప్పానికి, బళ్ళారి నుండి గుంతకల్లుకు, పర్లాకిమిడి నుండి పాతపట్నానికి సాగే దారులలో ఒక దృశ్యం అప్పుడప్పుడు కనబడుతుంది. ఒక చిన్న కారు, దానికి మెరిసే వెడల్పాటి అల్లాయ్ చక్రాలు, మడ్‌గార్డు అంచు టైరును తాకుతుందా అన్నంతగా క్రిందికి దిగిన ఒళ్ళు. స్పీడ్ బ్రేకరు రాగానే ఆ కారు దాదాపు ఆగిపోతుంది. ఏటవాలుగా తిరిగి ఒక్కొక్క చక్రాన్నే మెల్లగా ఎక్కిస్తుంది. ఒక్కొక్కప్పుడు లోపలి వారిని దింపి, ఖాళీ బండిని దాటించి, మళ్ళీ ఎక్కించుకోవలసి వస్తుంది.

చూసేవారికి అది వినోదం. ఆ ఇంటివారికి మాత్రం కాదు. సరిహద్దు గ్రామాలలో చాలా కుటుంబాలకు ఉండేది ఒక్కటే కారు. పెళ్ళికి వెళ్ళేదీ అదే, పొలం దగ్గరకు ఎరువు బస్తా చేరవేసేదీ అదే, అర్ధరాత్రి నొప్పులు వచ్చిన కోడలిని పక్క రాష్ట్రపు పట్టణంలోని ఆసుపత్రికి చేర్చేదీ అదే. కావున చక్రాలు మార్చడం, కారు ఎత్తు తగ్గించడం అనేవి ఇంటి కుర్రవాడి ముచ్చటతో ముగిసే విషయాలు కావు. వాటి ఫలితం ఇంటిల్లిపాదికీ చెందుతుంది. ఈ మార్పులలో ఏది సమంజసం, ఏది ప్రమాదకరం అన్నది అంకెలతో సహా తెలుసుకోవడం అవసరం. ఉదాహరణకు 2005 మే నెలలో భారతదేశంలో విడుదలై, పల్లెపల్లెకూ చేరిన మారుతి స్విఫ్ట్‌ను, అందులోనూ 2018లో వచ్చిన రూపాన్ని తీసుకొందాం.

టైరు మీది అంకెల అర్థం

ప్రతి టైరు పక్కన కొన్ని అంకెలు అచ్చుపోసి ఉంటాయి. 2018 నాటి స్విఫ్ట్‌లో తక్కువ ధర రకాలకు వచ్చిన టైరు 165/80 ఆర్14. ఇందులో 165 అనేది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అనేది శాతం. అనగా రిమ్ము అంచు నుండి నేలను తాకే భాగం వరకు గల రబ్బరు ఎత్తు, ఆ వెడల్పులో 80 శాతం. 165లో 80 శాతం 132 మి.మీ. ఆర్ అనే అక్షరం రేడియల్ టైరుకు గుర్తు. చివరి 14 రిమ్ము వ్యాసం, అంగుళాలలో. అంగుళానికి 25.4 మి.మీ. చొప్పున అది 355.6 మి.మీ.

చక్రం మొత్తం వ్యాసం కావాలంటే రిమ్ము వ్యాసానికి పైనా క్రిందా ఉన్న రబ్బరు ఎత్తును కలపాలి. 355.6కు రెండు 132లు కలిపితే 619.6 మి.మీ. అదే కారులో ఎక్కువ ధర రకాలకు కంపెనీ ఇచ్చిన టైరు 185/65 ఆర్15. దీని రబ్బరు ఎత్తు సుమారు 120 మి.మీ., మొత్తం వ్యాసం 621.5 మి.మీ. రిమ్ము ఒక అంగుళం పెరిగినా చక్రం మొత్తం వ్యాసంలో తేడా 2 మి.మీ. కూడా లేదు. రిమ్ము పెంచిన మేరకు రబ్బరు తగ్గించి, చక్రం మొత్తం కొలతను స్థిరంగా ఉంచడమే కంపెనీ పాటించిన పద్ధతి. పెద్ద రిమ్ము కోరుకొనే వారెవరైనా మొదట గ్రహించవలసిన సూత్రం ఇదే.

రిమ్ము పెరిగితే తగ్గేదేమిటి?

ఇదే సూత్రాన్ని పట్టుకొని ఇంకా పైకి పోతే ఏమవుతుందో ఈ క్రింది కొలతలలో చూడవచ్చు.

165/80 ఆర్14: రబ్బరు ఎత్తు 132 మి.మీ., మొత్తం వ్యాసం 619.6 మి.మీ.
185/65 ఆర్15: రబ్బరు ఎత్తు 120 మి.మీ., మొత్తం వ్యాసం 621.5 మి.మీ.
195/55 ఆర్16: రబ్బరు ఎత్తు 107 మి.మీ., మొత్తం వ్యాసం 620.9 మి.మీ.
205/45 ఆర్17: రబ్బరు ఎత్తు 92 మి.మీ., మొత్తం వ్యాసం 616.3 మి.మీ.

మొత్తం వ్యాసం దాదాపు ఒక్కటే. కాని రబ్బరు ఎత్తు 132 నుండి 92కు పడిపోయింది. ఆ 40 మి.మీ.లలో ఉన్నది గాలి, రబ్బరు. గోతిలో చక్రం పడినప్పుడు మొదట నలిగేది అవే. అవి నలిగి దెబ్బను మింగితేనే రిమ్ము, స్ప్రింగు, చివరకు లోపల కూర్చున్న పెద్దవారి నడుము క్షేమంగా ఉంటాయి. రబ్బరు పలుచనైన కొలదీ గోతి అంచు నేరుగా రిమ్మును కొడుతుంది. ఇనుప రిమ్ము వంగితే సాగగొట్టించి వాడుకొనే వీలు తరచుగా ఉంటుంది. అల్లాయ్ రిమ్ము పగుళ్ళిస్తే దానిని మార్చడమే క్షేమం. ట్యూబ్‌లెస్ టైరులో రిమ్ము అంచు కొద్దిగా చెడినా రాత్రికి రాత్రి గాలి దిగిపోతుంది.

మరొక వైపు, రబ్బరు ఎత్తు తగ్గితే మలుపులలో టైరు పక్కకు తక్కువగా ఒరుగుతుంది. స్టీరింగు తిప్పిన వెంటనే కారు స్పందిస్తుంది. వెడల్పు టైరు పొడి రోడ్డు మీద పట్టు పెంచుతుంది. ఇవి నిజమైన ప్రయోజనాలే. అయితే నీరు నిలిచిన రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు అదే వెడల్పు నీటి మీద తేలిపోయే స్వభావాన్ని పెంచుతుంది. చక్రం బరువు పెరిగితే పికప్పు, మైలేజీ కొంత తగ్గుతాయి; గతుకుల మీద చక్రం ఎగిరి మళ్ళీ నేలను పట్టుకోవడానికి ఎక్కువ సమయం తీసుకొంటుంది.

మొత్తం వ్యాసమే మారితే

కొందరు చక్రపు గూడు నిండుగా కనబడాలని మొత్తం వ్యాసాన్నే పెంచుతారు. 185/65 ఆర్15 స్థానంలో 195/60 ఆర్16 వేశారనుకొందాం. దాని వ్యాసం 640.4 మి.మీ.; అనగా సుమారు 3 శాతం ఎక్కువ. స్పీడోమీటరు లెక్కించేది చక్రం తిరిగిన చుట్లనే గాని రోడ్డును కాదు. కావున ముల్లు మునుపు ఏ అంకె మీద ఉండేదో ఇప్పుడు అదే అంకె దగ్గర కారు 3 శాతం ఎక్కువ వేగంతో పోతుంది. తిరిగిన కిలోమీటర్లు అంతే మేరకు తక్కువగా నమోదవుతాయి. ఇంజను ప్రతి గేరులోనూ కొంచెం ఎక్కువ భారం లాగుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు, లేదా అయిదుగురు కూర్చున్న కారు గోతిలో దిగినప్పుడు టైరు లోపలి మడ్‌గార్డుకు రాసుకొంటుంది. ఆ రాపిడి కొన్నాళ్ళకు టైరు పక్కభాగాన్ని కోసివేయగలదు.

ముందు ఒక కొలత, వెనుక మరొక కొలత వేయడం మరీ తప్పు. ఏబీఎస్ బ్రేకుల యంత్రం నాలుగు చక్రాల వేగాన్ని పోల్చి చూస్తూ పనిచేస్తుంది. వ్యాసాలు వేరైతే ఆ పోలికే తప్పుతుంది.

రిమ్ము బిగిసినంత మాత్రాన సరిపోయినట్లు కాదు

దుకాణంలో రిమ్ము కారుకు ఎక్కిందా లేదా అన్నదే చూస్తే చాలదు. నాలుగు విషయాలు సరిచూసుకోవాలి.

మొదటిది, బోల్టుల వృత్తం. 2018 స్విఫ్ట్‌కు 100 మి.మీ. వృత్తం మీద నాలుగు బోల్టులుంటాయి. రంధ్రాలు కొద్దిగా తేడాగా ఉన్న రిమ్మును బలవంతంగా బిగిస్తే నట్లు సమంగా కూర్చోవు, నడుస్తుండగా వదులవుతాయి.

రెండవది, నడిమి రంధ్రం. ఈ కారు హబ్బు కొలత 54.1 మి.మీ. బయట దొరికే రిమ్ములు అనేక కార్లకు పనికివచ్చేలా పెద్ద రంధ్రంతో వస్తాయి. ఆ ఖాళీని పూరించే రింగు వేయకుంటే చక్రం సరిగ్గా మధ్యకు కూర్చోక, వేగంలో స్టీరింగు వణుకుతుంది.

మూడవది, ఆఫ్‌సెట్. రిమ్ము నడిమి గీతకూ, అది హబ్బును తాకే తలానికీ మధ్య గల దూరం ఇది. ఈ దూరం బాగా తగ్గితే చక్రం బయటికి పొడుచుకొని వస్తుంది. వీల్ బేరింగు మీద భారం పెరుగుతుంది.

నాలుగవది, భారపు అంకె. టైరు కొలత ప్రక్కన ఉండే రెండంకెల సంఖ్య ఒక టైరు మోయగల బరువును సూచిస్తుంది. 85 అంటే 515 కిలోలు, 88 అంటే 560 కిలోలు, 82 అంటే 475 కిలోలు. కంపెనీ ఇచ్చిన అంకె కన్నా తక్కువ అంకె గల టైరును ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోరాదు. కారు ఖాళీగా తిరిగేది తక్కువ. పెళ్ళి బృందంతోనో, బస్తాలతోనో తిరిగేదే ఎక్కువ.

అల్లాయ్ రిమ్ముకు, ఇనుప రిమ్ముకు నట్లు ఒక్కటే కాకపోవచ్చు. రిమ్ముతో తగిన నట్లు అడిగి తీసుకోవాలి. బిగించిన తరువాత 50 నుండి 100 కిలోమీటర్లు తిరిగి, మరొకసారి బిగింపు సరిచూపించుకోవడం మంచి అలవాటు.

కారును ఎందుకు దించుతారు?

దించడం అనే ఆలోచన పందేల కార్లకు సహజమైనది. ఒళ్ళు నేలకు దగ్గరైతే బరువు కేంద్రం దిగుతుంది. మలుపులో కారు పక్కకు తక్కువగా ఒరుగుతుంది. కోయంబత్తూరు దగ్గరి కారి మోటార్ స్పీడ్‌వే వంటి ట్రాకుల మీద గోతులుండవు, స్పీడ్ బ్రేకర్లుండవు, వెనుక సీటులో నాయనమ్మ కూర్చోదు. అక్కడి అవసరం వేరు, అక్కడి కొలతలు వేరు. అక్కడ కూడా స్ప్రింగును ఒక్కదానినే మార్చి వదలరు. దానికి తగిన షాక్ అబ్సార్బర్లు, కొలిచి చేసిన అలైన్‌మెంటు తప్పనిసరి.

పల్లెటూరి కారుకు జరిగేది సాధారణంగా ఇది కాదు. ఉన్న స్ప్రింగునే విప్పి, ఒక చుట్టు లేదా చుట్టున్నర కోసివేసి, తిరిగి బిగిస్తారు. ఖర్చు తక్కువ, పని గంటల్లో పూర్తి. అసలు చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

స్ప్రింగు కోస్తే జరిగేది

స్ప్రింగు గట్టితనం దాని చుట్ల సంఖ్యకు విలోమంగా ఉంటుంది. పనిచేసే చుట్లు ఆరు ఉన్న స్ప్రింగులో ఒకటి కోస్తే మిగిలిన అయిదు చుట్లు సుమారు 20 శాతం గట్టిపడతాయి. గట్టిపడింది గదా, దెబ్బను ఇంకా బాగా ఆపుతుందని కొందరు భావిస్తారు. లెక్క చూస్తే అది భ్రమ అని తేలుతుంది.

కారు మామూలు ఎత్తులో నిలిచి ఉన్నప్పుడు, స్ప్రింగు నలిగి రబ్బరు స్టాపరును తాకే వరకు 80 మి.మీ. ఖాళీ ఉన్నదనుకొందాం. 40 మి.మీ. దించితే మిగిలేది 40 మాత్రమే. ఖాళీ సగమైంది, గట్టితనం అయిదో వంతే పెరిగింది. మునుపు స్టాపరును తాకే లోపల ఆ స్ప్రింగు 100 పాళ్ళ అదనపు బలాన్ని ఓర్చుకోగలిగితే, ఇప్పుడు 60 పాళ్ళు మాత్రమే ఓర్చుకోగలదు. దాని తరువాత దెబ్బ నేరుగా ఒళ్ళుకు, అక్కడి నుండి వెన్నెముకకు చేరుతుంది. గర్భిణులకు, వృద్ధులకు, నడుము నొప్పి గలవారికి అటువంటి ప్రయాణం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

ఇంకొక ప్రమాదం కంటికి కనబడదు. చక్రం గాలిలోకి లేచి క్రిందికి వ్రేలాడినప్పుడు షాక్ అబ్సార్బరు పూర్తిగా సాగుతుంది. పొట్టిదైన స్ప్రింగు ఆ పొడవును నింపలేక వదులై, తన గిన్నెలో నుండి పక్కకు జరగవచ్చు. గ్యాసు మంటతో కోస్తే లోహపు పదును పోయి, కొంతకాలానికి అక్కడే విరగవచ్చు.

చక్రాల కోణాలు కూడా మారతాయి. ముందు చక్రాల పైభాగం లోపలికి వంగి, టైరు లోపలి అంచు త్వరగా అరుగుతుంది. బయటి నుండి చూస్తే టైరు కొత్తదిగానే కనబడుతుంది. లోపలి అంచున తీగలు బయటపడి ఉంటాయి. స్విఫ్ట్ వంటి కార్లలో వెనుక చక్రాలు ఒకే అడ్డదూలానికి అమరి ఉంటాయి గనుక, అక్కడి కోణాలను అలైన్‌మెంటు యంత్రం మీద సవరించే ఏర్పాటు మామూలుగా ఉండదు. వెనుక వైపు మాత్రమే దించితే ముందు భాగం పైకి లేచి, హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివారి కళ్ళలో పడుతుంది.

స్పీడ్ బ్రేకరు లెక్క

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి మార్గదర్శకాల ప్రకారం గుండ్రని స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల పొడవున, 10 సెంటీమీటర్ల ఎత్తున, 17 మీటర్ల వ్యాసార్ధపు వంపుతో ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దానిని సాఫీగా దాటవచ్చు. స్విఫ్ట్ ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం 2.45 మీటర్లు. అంత దూరంలో ఆ వంపు చక్రాల మధ్య పైకి లేచేది సుమారు 44 మి.మీ. మాత్రమే. కారు క్రింద 163 మి.మీ. ఖాళీ ఉన్నది గనుక చింత లేదు.

కాని గ్రామాల మధ్య వీధివారు తామే పోసుకొన్న దిబ్బలు అలా ఉండవు. ఎత్తు అదే 10 సెంటీమీటర్లైనా, పొడవు రెండు జానలు మాత్రమే ఉంటుంది. అది చక్రాల మధ్యకు వచ్చినప్పుడు మొత్తం 100 మి.మీ. కారు కడుపు క్రిందికి వస్తుంది. అయిదుగురు కూర్చొని, సామాను పెడితే కారు 40 మి.మీ. దిగుతుందనుకొందాం. కంపెనీ ఎత్తులోని కారుకు 123 మి.మీ. మిగులుతుంది, 23 మి.మీ. తేడాతో దాటిపోతుంది. 40 మి.మీ. దించిన కారు, గట్టి స్ప్రింగు వలన అదే బరువుకు 33 మి.మీ.లే దిగినా, మిగిలేది 90 మి.మీ. దిబ్బ 100. దాటడం సాధ్యం కాదు, రాసుకొనే పోవాలి.

రాసుకొనేది మడ్‌గార్డు ప్లాస్టిక్కైతే అదృష్టం. ఇంజను ఆయిల్ ఛాంబరైతే పగిలి, నూనె దారి పొడవునా కారిపోతుంది. నూనె లైటు వెలిగినది గమనించక మరికొన్ని కిలోమీటర్లు నడిపితే ఇంజను పట్టేస్తుంది. ఆసుపత్రికి బయలుదేరిన కారు అర్ధరాత్రి అడవిదారిలో నిలిచిపోవడానికి ఈ పది మిల్లీమీటర్ల లోటు చాలు.

చట్టం ఏమంటున్నది?

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. కేరళకు చెందిన ఒక వ్యాజ్యంలో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే గట్టిగా నిలబెట్టింది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు ఏర్పడింది.

ఇది కేంద్ర చట్టం. కర్ణాటక పలక గల కారైనా, తమిళనాడు పలక గల కారైనా, యానాంలో తిరిగే పుదుచ్చేరి కారైనా దీనికి లోబడినదే. "మా రాష్ట్రంలో అడగరు" అన్న మాట సరిహద్దు దాటిన చోట పనికిరాదు. భీమా విషయం ఇంకా ముఖ్యం. తెలుపకుండా చేయించిన మార్పు వలన ప్రమాదం జరిగిందని సర్వేయరు వ్రాస్తే, సొంత కారు నష్టపరిహారం తిరస్కరణకు గురికావచ్చు. సస్పెన్షను భాగాల మీద కంపెనీ వారంటీ కూడా ఇటువంటి మార్పుతో చిక్కులో పడుతుంది.

పాత కారు కొనేటప్పుడు

సెకండ్‌హ్యాండ్ కారు కొనే కుటుంబం తాను చేయించని మార్పుకు కూడా తానే బాధ్యత వహించవలసి వస్తుంది. కావున బేరానికి ముందు ఈ క్రింది వాటిని పరిశీలించాలి.

డ్రైవరు తలుపు తెరచిన చోట అంటించిన కాగితం మీది టైరు కొలతను, టైరు మీది కొలతతో పోల్చాలి. టైరు మీద చివరి నాలుగంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం.

నాలుగు చక్రాల దగ్గరా చక్రపు నడిమి నుండి మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలవాలి. ఎడమ కుడి తేడా ఉన్నా, అదే రకం మరొక కారు కన్నా బాగా తక్కువ ఉన్నా కారణం అడగాలి.

చక్రాన్ని తిప్పి స్ప్రింగు చివరను చూడాలి. కంపెనీ స్ప్రింగు చివర రంగుతో నునుపుగా ఉంటుంది. రంపపు గాటు, మంట మరక, తుప్పు కనబడితే అది కోసిన స్ప్రింగే. టైరు లోపలి అంచును చేతితో తడిమి చూడాలి. కారు క్రింద ఆయిల్ ఛాంబరు మీద సొట్ట ఉన్నదేమో చూడాలి.

కోసిన స్ప్రింగులున్నట్లు తేలితే, కొత్త కంపెనీ స్ప్రింగులను జతలుగా వేయించి, షాక్ అబ్సార్బర్లను పరీక్షింపజేసి, అలైన్‌మెంటు చేయించే ఖర్చును ధరలో తగ్గించి అడగడం న్యాయం.

ముచ్చట తీరే మార్గం

కుర్రవారి ఉత్సాహాన్ని కాదనవలసిన పని లేదు. అదే మోడలు ఎక్కువ ధర రకానికి కంపెనీయే ఇచ్చిన చక్రం, అదే టైరు కొలతతో వేయించుకొంటే అందమూ వస్తుంది, కొలతా తప్పదు. అయినా అటువంటి మార్పును కూడా ముందుగా ఆర్.టి.ఓ. కార్యాలయంలో అడిగి, భీమా కంపెనీకి తెలియజేయడం మంచిది. 14 అంగుళాల రిమ్ముకే మంచి అల్లాయ్ నమూనాలు దొరుకుతాయి. కారు మలుపులలో ఊగుతున్నదని అనిపిస్తే, దించడానికి ముందు అరిగిన షాక్ అబ్సార్బర్లను, రబ్బరు బుష్షులను మార్పించి చూడాలి. చాలా కార్లలో ఊగుడుకు మూలం ఎత్తు కాదు, ఆ అరుగుదలే. నెలకొకసారి టైరు గాలి సరిచూసుకోవడానికి ఖర్చే లేదు.

స్ప్రింగును కోయడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయించరాదు. కంపెనీ వదిలిన ఆ 163 మి.మీ. ఖాళీ కారు అందానికి లోటుగా కనబడవచ్చు. ఊరి దిబ్బ మీద, వానకు తెగిన దారిలో, ఆసుపత్రికి పరుగెత్తే రాత్రి, ఇంటివారిని గమ్యం చేర్చేది ఆ ఖాళీయే.